పదము నుండి పేరాకు

వడ్రంగి సంచిలో ఉలి, బాడిత, రంపము, చిత్రిక మొదలగు పనిముట్లుండును. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పని కలదు. ఆ పేర్లను కంఠస్థము చేసినంత మాత్రమున ఎవడును వడ్రంగి కాజాలడు. అట్లని పేర్లే తెలియని శిష్యునకు పని నేర్పుటయు కష్టమే. వ్యాకరణమునందలి పారిభాషిక పదములును ఇట్టివే. నౌను, వెర్బు, సబ్జెక్టు, ప్రెడికేటు, పేరాగ్రాఫు అను మాటలు ఆంగ్లము నేర్చుకొను తెలుగు విద్యార్థికి మొదట భయము గొలుపును. అతడు నిర్వచనములను వల్లించును. పరీక్షలో తప్పులేకుండ వ్రాయును. కాని తన ఊరిని గూర్చి ఆంగ్లమున ఐదు వాక్యములు వ్రాయుమన్నచో కలము కదలదు. పేరును నేర్చి, ఆ పేరు సూచించు పనిని గమనింపకుండుటయే ఇందులకు కారణము. నిజమునకు ఆ పనులలో పెక్కింటిని అతడు మాతృభాషలో ప్రతిదినమును చేయుచునే యున్నాడు.

పదములను వాని పనినిబట్టి విభజించుట మిక్కిలి ప్రాచీనమైన పద్ధతి. మన దేశమున యాస్కుడు నిరుక్తమునందు పదములను నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము అని నాలుగు తెగలుగా చెప్పెను. గ్రీసు దేశమున డయొనీసియస్ థ్రాక్స్ పేర వెలసిన వ్యాకరణము ఎనిమిది తెగలను చెప్పినది. అందులో ఆర్టికిలు ఒకటి. లాటిను భాషకు ఆర్టికిలు లేదు. కావున లాటిను వ్యాకర్తలు దానిని విడిచి, ఇంటర్జెక్షనును చేర్చి, ఎనిమిది అను సంఖ్యను నిలుపుకొనిరి. ఆ లెక్కయే పిమ్మట ఆంగ్ల వ్యాకరణములకును సంక్రమించినది.

ఆ ఎనిమిదింటిలో నౌను అనగా నామవాచకము, ప్రొనౌను సర్వనామము, యాడ్జెక్టివు విశేషణము, వెర్బు క్రియ, యాడ్వెర్బు క్రియా విశేషణము. కంజంక్షను రెండు పదములనుగాని వాక్యములనుగాని కలుపును. ఇంటర్జెక్షను 'అయ్యో', 'ఆహా' వంటి ఆశ్చర్యాదులను తెలుపును. మిగిలినది ప్రిపొజిషను. అది తెలుగున విభక్తి ప్రత్యయములు చేయు పనినే చేయును గాని, నిలుచు చోటు వేరు. 'బల్ల మీద' అనునప్పుడు 'మీద' అనునది నామమునకు వెనుక వచ్చినది. ఆంగ్లమున 'ఆన్ ది టేబుల్' అనవలెను. అక్కడ 'ఆన్' నామమునకు ముందు నిలుచును. పని ఒక్కటే, స్థానము మాత్రము తలక్రిందైనది.

ఒక పదము ఏ తెగకు చెందినదో దాని రూపమును చూచి నిర్ణయింపరాదు. వాక్యములో అది చేయు పనిని చూడవలెను. 'డ్రింక్ వాటర్' అనునప్పుడు 'వాటర్' నామవాచకము. నీరు త్రాగుమని అర్థము. 'వాటర్ ది ప్లాంట్స్' అనునప్పుడు అదే పదము క్రియ. మొక్కలకు నీరు పోయుమని అర్థము. కావున నౌనుల పట్టికను వల్లించుటకంటె వాక్యమును ముందుంచుకొని 'ఈ పదము ఇచ్చట ఏమి చేయుచున్నది?' అని ప్రశ్నించుట మేలు.

ఇక వాక్యము సంగతి. దేనిని గూర్చి చెప్పుచున్నామో అది సబ్జెక్టు. దానిని గూర్చి చెప్పిన మాట ప్రెడికేటు. క్రియాఫలమును పొందునది ఆబ్జెక్టు, అనగా కర్మ. 'రాముడు వాలిని చంపెను' అను వాక్యమును 'వాలిని రాముడు చంపెను' అని మార్చినను అర్థము చెడదు. 'వాలిని' అను పదమునందలి 'ని' అను ప్రత్యయము, చంపబడినవాడెవడో తెలుపుచు, పదము ఎక్కడకు పోయినను దానివెంట పోవును. ఆంగ్ల నామవాచకమునకు అట్టి ప్రత్యయము లేదు. 'రామ కిల్డ్ వాలి' అను వాక్యమున పేర్లను తారుమారు చేసి 'వాలి కిల్డ్ రామ' అన్నచో కథయే తలక్రిందగును. తెలుగున ప్రత్యయము చేయు పనిని ఆంగ్లమున స్థానము చేయుచున్నది. సబ్జెక్టు, పిమ్మట వెర్బు, పిమ్మట ఆబ్జెక్టు అను వరుసకు ఆంగ్లమున ఇంతటి ప్రాధాన్యము కలుగుటకు ఇదియే హేతువు.

సబ్జెక్టు అనగా కర్త యని పెక్కుమంది వ్రాసికొందురు. అది అన్ని చోట్లను సరిపడదు. 'వాలి వాజ్ కిల్డ్ బై రామ' అను వాక్యమున సబ్జెక్టు వాలి. చంపిన కర్త మాత్రము రాముడే. 'నాకు ఆకలి వేయుచున్నది' అని తెలుగువాడు అనును. 'నాకు' అనుదానిని మాటకు మాటగా ఆంగ్లీకరించి 'టు మి' అని మొదలుపెట్టినచో వాక్యము ముందుకు సాగదు. ఆంగ్లేయుడు 'ఐ యామ్ హంగ్రీ' అనును. ఆకలి గొన్నవాడు అక్కడ సబ్జెక్టు అగుచున్నాడు. భావమును మొదట గ్రహించి, 'ఎవరిని గూర్చి చెప్పుచున్నాను?' అని ఆలోచించినచో ఇట్టి చిక్కు విడిపోవును.

తెలుగు విద్యార్థి ప్రత్యేకముగ జాగ్రత్త వహింపవలసిన తావులు మరి నాలుగు కలవు. మొదటిది సబ్జెక్టును విడుచుట. 'వచ్చితిని' అన్నచో వచ్చినవాడెవడో క్రియయే చెప్పును. ఆంగ్ల క్రియకు ఆ శక్తి లేదు గనుక 'ఐ కేమ్' అని సబ్జెక్టును స్పష్టముగ చెప్పవలెను. రెండవది క్రియను విడుచుట. 'సీత మంచిది' అనునది తెలుగున సంపూర్ణ వాక్యము. ఆంగ్లమున 'సీత ఈజ్ గుడ్' అని క్రియను చేర్చనిచో వాక్యము కుంటుపడును. మూడవది వర్తమాన కాలమున 'ఐ గో', 'హి గోస్' అను భేదము. తెలుగు క్రియ 'పోవుచున్నాడు', 'పోవుచున్నది', 'పోవుచున్నారు' అని పెక్కు రూపములు దాల్చుచుండగా, ఆంగ్ల క్రియకు మిగిలినది ఈ చిన్న సకారము మాత్రమే. ఎన్నో రూపములను తడబడక వాడు పిల్లవానికి ఈ ఒక్క సకారము భారము కారాదు.

నాల్గవది ఆర్టికిలు. 'ఒక ఊరిలో ఒక రాజు ఉండెను. ఆ రాజునకు ఇద్దరు కుమారులు' అని కథ చెప్పునప్పుడు, మొదట పేర్కొన్న రాజు 'ఒక రాజు'. వినువానికి తెలిసిన పిమ్మట 'ఆ రాజు'. ఆంగ్లమున 'ఎ', 'ది' అనువాని ముఖ్యమైన భేదము ఈ మార్గముననే బోధపడును. 'ఎ' అనవలెనా, 'యాన్' అనవలెనా అనునది అక్షరమునుబట్టి కాక ధ్వనినిబట్టి నిర్ణయమగును. అందువలననే 'యాన్ అవర్' అనియు, 'ఎ యూనివర్సిటీ' అనియు అందురు.

ఈ చిక్కులు ఒక వైపు వారికే కలుగునవి కావు. తెలుగు నేర్చుకొనదలచిన ఆంగ్లేయులకును ఇట్టివే ఎదురయ్యెను. వారి కొఱకు ఎ. డి. క్యాంబెల్ 1816లో మద్రాసున తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1840లో మరియొక వ్యాకరణమును వెలువరించెను. తమ భాషలో ముందు నిలుచు మాట తెలుగున వెనుక నిలుచుటయు, క్రియ వాక్యాంతమునకు పోవుటయు వారికి వింతగ తోచు విషయములు. పరభాష నేర్చువాడు ఎవడైనను రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూచుకొనవలసినదే. తెలుగు విద్యార్థికి ఈ పనిలో పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము వంటి గ్రంథముల సంప్రదాయము అండగ నున్నది.

వాక్యములు చేరి పేరా యగును. పేరాగ్రాఫు అను మాటకు మూలము గ్రీకు భాష. ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలో విషయము మారు చోట ప్రక్కన గీచెడి చిన్న గీతకు ఆ పేరుండెను. 'ప్రక్కన వ్రాసినది' అని దాని అర్థము. పిమ్మట గీత పోయి, క్రొత్త పంక్తిని కొంచెము లోపలికి జరిపి మొదలుపెట్టు ఆచారము వచ్చినది. మన తాళపత్ర గ్రంథములలో పదమునకు పదమునకు నడుమ ఎడమైనను విడువక వ్రాయుచుండిరి. అచ్చు వచ్చిన పిమ్మట ఆంగ్ల గ్రంథముల ననుసరించి కామా, ఫుల్‌స్టాపు మొదలగు చిహ్నములును, పేరాల విభాగమును తెలుగు వచనమున స్థిరపడినవి.

పేరా యనగా ఒక్క భావమును పూర్తిగ చెప్పు వాక్యముల గుంపు. స్కాట్లండు దేశమున అబర్డీను విశ్వవిద్యాలయమునందు ఆచార్యుడుగ నుండిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో తన రచనా శాస్త్ర గ్రంథమున పేరాకు కావలసిన నియమములను క్రమముగ చెప్పెను. నేటి పాఠశాలలలో చెప్పెడి నియమముల సారమిది: పేరాలోని ముఖ్య భావమును చెప్పు వాక్యము టాపిక్ సెంటెన్సు, అది సాధారణముగ మొదట నుండును. దానిని కారణములతోను, ఉదాహరణములతోను బలపరచునవి సపోర్టింగ్ సెంటెన్సులు. చెప్పినదానిని ముగించునది కంక్లూడింగ్ సెంటెన్సు. అన్ని వాక్యములును ఒక్క భావమునకే చెందుట యూనిటీ, అనగా ఏకత్వము. ఒకదాని వెంట ఒకటి తెగకుండ నడచుట కొహీరెన్సు, అనగా పొందిక. ఈ క్రింది పేరాను పరీక్షించినచో ఇవి స్పష్టమగును.

ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి డెల్టా ప్రజల జీవితమును మార్చివేసెను. అంతకు పూర్వము నది పొంగినప్పుడు పొలములు మునుగుచుండెను. వానలు లేనప్పుడు ఎండుచుండెను. చెంతనే మహానది పారుచున్నను ఆ నీరు సముద్రము పాలగుచుండెను. సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించిన ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. కాటన్ 1803లో జన్మించెను. ఆనకట్ట నదిలోని నీటి మట్టమును పెంచి, ఆ నీటిని కాలువలలోనికి మరల్చెను. అందువలన వరి పంటకు నిలుకడ కలిగెను. కాలువలలో పడవలును నడిచెను. ఇట్లు కఱవునకు వెఱచిన సీమ ధాన్యమునకు పేరుపొందెను.

ఇందు మొదటిది టాపిక్ సెంటెన్సు. 'ఏ విధముగ మార్చెను?' అని చదువరి అడుగు ప్రశ్నకు తరువాతి వాక్యములు సమాధానము చెప్పుచున్నవి. పూర్వస్థితి, ఆనకట్ట నిర్మాణము, అది చేయు పని, దాని ఫలము అను క్రమము కనబడుచున్నది. చివరి వాక్యము మొదటి వాక్యమునకు ఫలము వంటిది. అయితే కాటన్ జన్మ సంవత్సరమును చెప్పు వాక్యమునకు ఇచ్చట పని లేదు. అది సత్యమే; కాని డెల్టా జీవితము మారుటను గూర్చి అది ఏమియు చెప్పదు. అది కాటన్ చరిత్రను తెలుపు వేరొక పేరాకు చెందినది. పాత ఆనకట్టకు బదులుగ 1982లో క్రొత్త బ్యారేజి పూర్తియగుటయు అట్లే మరియొక పేరాకు తగిన విషయము. తనకు తెలిసినదంతయు ఒక్కచోటనే వ్రాయవలెనను ఆత్రమే విద్యార్థుల పేరాలను ఎక్కువగ చెఱచుచున్నది.

పొందికను గూర్చి ఒక మాట. 'అందువలన', 'ఇట్లు', 'అంతకు పూర్వము' అను మాటలను తీసివేసి పై పేరాను చదివినచో వాక్యములు విడివిడిగ పడియున్నట్లు తోచును. ఆంగ్లమున 'దేర్‌ఫోర్', 'బట్', 'బిఫోర్ దట్' అను మాటలు ఈ పని చేయును. తెలుగునకు వేరొక సౌకర్యము కూడ కలదు. 'లేచి, స్నానము చేసి, భుజించి, బడికి పోయెను' అను వాక్యమున సమాపక క్రియ ఒక్కటే, మిగిలినవి క్త్వార్థకములు. దీనిని ఆంగ్లమున చెప్పునప్పుడు సాధారణముగ ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంపూర్ణ క్రియను వాడి, చివరిదానికి ముందు 'అండ్' చేర్చుదురు. తెలుగు వాక్యపు పొడవును ఆంగ్లమున అట్లే నిలుపుటకంటె, దానిని రెండు మూడు చిన్న వాక్యములుగ విడగొట్టుట ప్రారంభదశలో క్షేమము.

కావున పేరా వ్రాయబోవు విద్యార్థి మొదట తాను చెప్పదలచిన ఒక్క భావమును ఒక్క వాక్యమున తెలుగుననే నిశ్చయించుకొనవలెను. దానిని బలపరచు సంగతులు మూడో నాలుగో ఏరుకొని వరుస కూర్చవలెను. పిమ్మట ఆంగ్లమున వ్రాయుచు ప్రతి వాక్యమునందును సబ్జెక్టు ఏది, వెర్బు ఏది అని వ్రేలు పెట్టి చూచుకొనవలెను. వ్రాసిన పిదప ఒక్కొక్క వాక్యమును మొదటి వాక్యముతో పోల్చి, దానికి తోడ్పడని దానిని కొట్టివేయవలెను. ఈ విధముగ వారమునకు ఒక పేరా వ్రాసి గురువునకు చూపినచో, భయము గొలిపిన ఆ పారిభాషిక పదములు క్రమముగ చేతిలోని పనిముట్లగును. తెలుగున ఒక పేరాను చక్కగ వ్రాయగలవాడు ఆంగ్ల రచనలో సగము దారి నడచినవాడే. మిగిలిన సగము సాధన వలన తీరును.