గేటు దగ్గర అగ్గిపెట్టె

మిర్యాలగూడలో దిగిన కొత్తవారిని ముందుగా పలకరించేది ఉడికిన వడ్ల వాసన. ఊరి చుట్టూ బియ్యం మిల్లులే. మిల్లుల వెనక ఊక గుట్టలు. షిఫ్టు దిగిన మనిషి ఆ గుట్ట చాటున కూచుని ఒక బీడీ కాల్చుకుంటే ఏం పోయింది, పాపం, పగలంతా ఒళ్ళు వంచినవాడు గదా అనిపిస్తుంది మనకు.

ముప్పంతా ఆఖరున పారవేసే ముక్కతోనే. ఊకలో పడిన నిప్పు వెంటనే మంటగా లేవదు. లోలోపలే రాజుకుంటూ పోతుంది. పైకి పొగ కూడా సరిగా కనపడదు. గంటలు గడిచి, పారవేసినవాడు ఇంట్లో భోంచేసి పడుకున్నాక, గాలి తగిలి భగ్గుమంటుంది. సూర్యాపేట ప్రాంతంలో పండే పత్తి సంగతీ ఇంతే. బేలు లోపల చిక్కిన రవ్వ రోజుల తరబడి బతికి ఉండగలదు. పైన నాలుగు బిందెలు కుమ్మరించి ఆరిందనుకుంటే మోసపోయినట్టే.

నూనె, పెట్రోలు ఉన్నచోట కథ తిరగబడుతుంది. తవుడు నుంచి నూనె తీసే సాల్వెంటు కర్మాగారాలలో హెక్సేన్ అనే ద్రావకం వాడతారు. సున్నకు 20 డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. గాలికన్న మూడు రెట్లు బరువు కనుక నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. గాలిలో నూటికి ఒక వంతు దాటితే చాలు, నిప్పు కోసం కాచుకుని ఉన్నట్టే. కోదాడ మీదుగా హైదరాబాదు-విజయవాడ రోడ్డున పోయే పెట్రోలు ట్యాంకర్లదీ ఇదే కోవ. చిత్రమేమంటే, అమెరికా ప్రభుత్వ అగ్ని పరిశోధనశాలవారు వేలసార్లు పరీక్షించి, కాలుతున్న సిగరెట్టు కొన పెట్రోలు ఆవిరిని ఒక్కసారీ అంటించలేదని 2013లో ప్రకటించారు. అది విని ధైర్యం తెచ్చుకోకండి. ఆ సిగరెట్టును వెలిగించే అగ్గిపుల్ల, లైటరు చిటికెలో అంటిస్తాయి. వెలిగించకుండా కాల్చేవాడెవడు?

అందుకే గోడమీది బోర్డు కన్న జేబు ముఖ్యం. భూగర్భ బొగ్గు గనులలో బీడీలు, అగ్గిపెట్టెలు లోపలికి పోకుండా మనుషులను సోదా చేసే నిబంధన ఏనాటినుంచో ఉన్నది. మన సింగరేణికీ అదే వర్తిస్తుంది. మిల్లు గేటు దగ్గరా అంతే కావాలి. హమాలీ అయినా, లారీ డ్రైవరైనా, యజమానిగారి అల్లుడైనా అగ్గిపెట్టె కాపలావాడికిచ్చి లోపలికి నడవాలి. అల్లుడుగారి జేబు అడగడానికి కాపలావాడికి గుండె చాలాలి. చిక్కంతా అక్కడే!

2003 నాటి చట్టం కింద, 2008 అక్టోబరు 2 నుంచి పనిచేసే చోట్ల పొగతాగడం నిషిద్ధమే. కాని నిషేధించి ఊరుకుంటే కాల్చేవాడు మానడు, చాటుకు పోతాడు. చాటంటే ఊక గుట్ట వెనకే గదా! గేటు బయట, సరుకుకు దూరంగా, ఒక రేకుల పందిరి, ఇసుక నింపిన డబ్బా, బాన నిండా నీళ్ళు, పూటకు పది నిమిషాల విరామం. యజమానులకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక ఇల్లాళ్ళకు ఒక మాట. పనికి బయలుదేరే ఆయన చొక్కా అందించేటప్పుడు జేబులో అగ్గిపెట్టె గలగలమంటే, తీసి స్టవ్వు గట్టున పెట్టండి. విసుక్కుంటే, సాయంత్రం ఇస్తామనండి.