నిన్నటిని దాచిన టేపు

బ్యాకప్ అంటే పనిగట్టుకుని తీసి దాచే నకలు అనుకుంటాం. మెయిన్‌ఫ్రేముల తొలి రోజుల్లో అది పనిలో పనిగా పుట్టేది. ఐబీఎం తన 726 టేప్ డ్రైవును ప్రకటించింది 1952లో. అప్పటి టేపు పద్ధతిలో ఒక డ్రైవు మీద పాత మాస్టర్ టేపు, మరోదాని మీద ఆనాటి లావాదేవీలు; రెండూ చదివి, సరిచేసిన లెక్కను యంత్రం ఇంకో టేపు మీద రాసేది. పాత టేపును మార్చే జోలికి పోయేదే కాదు. అలా తాత, తండ్రి, కొడుకు అని మూడు తరాలు అరలో ఉండేవి. కొత్త కొడుకు పుడితే ముత్తాతను చెరిపి మళ్లీ వాడుకునేవారు (ఇంత కర్కశమైన వంశం మరొకటి ఉండదు). రీలు వెనక గాడిలో ప్లాస్టిక్ రింగు బిగిస్తేనే డ్రైవు రాసేది, ఊడదీస్తే చదవడం వరకే.

1956లో వచ్చిన రామాక్ డిస్కు ఈ ఏర్పాటును దెబ్బతీసింది. 50 పళ్లేల మీద 50 లక్షల అక్షరాలు పట్టే ఆ యంత్రం కావలసిన రికార్డు దగ్గరికి నేరుగా వెళ్లి, ఉన్నచోటే దిద్దేది. దిద్దగానే పాత అంకె మాయం. ఆనాటి నుంచి బ్యాకప్ ప్రణాళికలన్నీ టేపు ఊరికే ఇచ్చిన ‘నిన్న’ను డబ్బు పెట్టి కొనుక్కోవడమేనని నా వాదన. మెయిన్‌ఫ్రేముల ఆపరేటింగ్ సిస్టం ఓఎస్/360 ఫైళ్లకు తరాల సంఖ్యలిచ్చి ఇవాళ్టిది 0, నిన్నటిది -1, రాబోయేది +1 అనడం ఆ పాత వంశవృక్షాన్ని డిస్కు మీద నాటడమే.

రెండు డిస్కుల మీద ఒకేసారి రాస్తే సరిపోదా అంటారు. డిస్కు పాడైతే సరిపోతుంది. తప్పుడు ఆదేశం వెళ్తే రెండూ ఒకే క్షణంలో చెడతాయి. మెయిన్‌ఫ్రేము కాకపోయినా 2011 ఫిబ్రవరి నాటి జీమెయిల్ ఉదంతం దీనికి సాక్ష్యం. సాఫ్ట్‌వేర్ లోపం వేర్వేరు కేంద్రాల్లోని నకళ్లనూ తాకింది. సుమారు 0.02 శాతం ఖాతాల ఉత్తరాలను, నెట్‌వర్కుకు అందకుండా ఉన్న టేపుల నుంచే తెచ్చుకోవలసి వచ్చింది.

టేపు నిదానమన్న ఫిర్యాదు మాత్రం నిజమే. అందుకే ప్రణాళికను నకలు తీసే వేళ నుంచి కాక, తిరిగి తెచ్చే వేళ నుంచి వెనక్కి లెక్కకట్టాలి. ఆదివారం మొత్తం తీసి, రోజూ ఆనాటి మార్పులే తీస్తే రాత్రి పని తేలిక. కానీ శనివారం రాత్రి బ్యాకప్ ముగిశాక డిస్కు పోతే ఏడు నకళ్లను వరసగా ఎక్కించాలి; నడుమ ఒకటి చెడితే వరస అక్కడే తెగుతుంది. నేటి మెయిన్‌ఫ్రేముల ఆపరేటింగ్ సిస్టం జెడ్/ఓఎస్‌లోని యూనిక్స్ ఫైల్ సిస్టంలో ఇంకో చిక్కు: వేల ఫైళ్లు ఒకే డేటాసెట్‌లో, అంటే మెయిన్‌ఫ్రేముకు ఒకే పెద్ద ఫైలులా, ఉంటాయి. నకలు తీసేటప్పుడు రాతలు ఆపకపోతే డైరెక్టరీ ఒక క్షణానిది, లోపలి సమాచారం మరో క్షణానిది అవుతుంది. డేటాసెట్‌గా తీసిన ఆ నకలులోంచి ఒక్క చిన్న ఫైలు కావాలన్నా, మొత్తాన్ని వేరే పేరుతో దింపి, మౌంట్ చేసి, దాన్ని ఏరుకోవాలి.