నంబరు ప్లేటు అక్కరలేని బండి

మోటారు ఉండి కూడా మోటారు వాహనం కాని బండి ఒకటి భారతదేశపు రోడ్ల మీద చట్టబద్ధంగానే తిరుగుతోంది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ జనం ‘ఛార్జింగ్ బండి’ అనీ ‘బ్యాటరీ బండి’ అనీ పిలిచే విద్యుత్ స్కూటర్లలో కొన్నిటికి నంబరు ప్లేటు ఉండదు, నడిపేవారిని లైసెన్సు అడగరు, బీమా కాగితం చూపమనరు. ఇంచుమించు అదే ఆకారంలో పక్కనే నిలిపిన మరో స్కూటరుకు మాత్రం ఆకుపచ్చ నంబరు ప్లేటు, రిజిస్ట్రేషను, బీమా అన్నీ తప్పనిసరి. ఈ రెండింటినీ విడదీసే గీతను గీసింది నగరపాలక సంస్థ కాదు, రాష్ట్ర ప్రభుత్వమూ కాదు. అది కేంద్ర నిబంధనల్లోని ఒక నిర్వచనం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, నాలుగు కన్నా తక్కువ చక్రాలుండి ఇంజను సామర్థ్యం 25 సీసీ దాటని వాహనాన్ని ‘మోటారు వాహనం’ అనే మాటలోంచి మినహాయించింది. సీసీ అంటే ఇంధనం మండే సిలిండరు లోపలి ఘనపరిమాణం కనుక, సిలిండరే లేని విద్యుత్ మోటారుకు ఆ కొలత పనికిరాదు. ఆ లోటును 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తరువాత చేర్చిన నిర్వచనం పూరించింది. దాని ప్రకారం బ్యాటరీతో నడిచే బండి మోటారు ‘ముప్పై నిమిషాల శక్తి’ 250 వాట్లకు లోబడి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించకుండా, తగిన బ్రేకులతో పాటు ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. ముప్పై నిమిషాల శక్తి అంటే మోటారు అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. కాబట్టి సిగ్నలు పడగానే ముందుకు దూకే ఆ క్షణంలో మోటారు అంతకన్నా ఎక్కువ శక్తి తీసుకున్నా నిబంధన తప్పినట్టు కాదు.

ఈ షరతుల పక్కనే ఉండి చాలామంది కొనుగోలుదారుల కంట పడని మాట ఇంకొకటి ఉంది. ఇవన్నీ నెరవేరాయని పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించినప్పుడే మినహాయింపు వర్తిస్తుంది. దుకాణదారు చెప్పినంత మాత్రాన, డబ్బా మీద అచ్చు వేసినంత మాత్రాన అది చాలదు. ఆన్‌లైనులో కొని, నిలబడి నడిపే చిన్న చక్రాల కిక్ స్కూటర్లలో ఎన్నిటికి అలాంటి ధ్రువపత్రం ఉంటుందన్నది వేరే ప్రశ్న. పత్రం లేని పక్షంలో, చూడటానికి ఎంత ఆటబొమ్మలా ఉన్నా, రోడ్డెక్కగానే అది రిజిస్ట్రేషను లేని మోటారు వాహనంగా లెక్కకు రావచ్చు.

250 వాట్లు, 25 కిలోమీటర్లు అనే జంట అంకెలు ఐరోపా దేశాల సైకిలు నిబంధనల్లోనూ ఉన్నాయి, అయితే అక్కడ వాటికి పెడలు షరతు తోడుంది: తొక్కుతున్నంత సేపే మోటారు సాయం చేస్తుంది, తొక్కడం ఆపితే మోటారూ ఆగుతుంది. భారత నిబంధనల్లో పెడలు సాయపు సైకిలుకు ఈ షరతు ఉన్నప్పటికీ, పెడళ్లే లేకుండా యాక్సిలరేటరు తిప్పితే కదిలే స్కూటరుకు కూడా అదే కొలతల మీద మినహాయింపు దొరికింది. అసలు చిక్కు ఇక్కడే పుట్టిందనాలి. సైకిలు కొలతకు గీసిన గీతలోకి స్కూటరు ఆకారం వచ్చి చేరింది. స్కూటరులా కనబడేదాని నుంచి కొన్నవారు స్కూటరు వేగాన్నే ఆశిస్తారు.

ఆ ఆశకు 250 వాట్లు ఎంత దూరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. మనిషీ బండీ కలిసి 150 కిలోలనీ, ఫ్లైఓవరు ప్రతి 100 మీటర్లకు 5 మీటర్ల చొప్పున ఎత్తు పెరుగుతోందనీ అనుకుంటే, ఎదురుగాలినీ టైర్ల రాపిడినీ వదిలేసినా, 250 వాట్లతో ఎక్కగలిగిన వేగం గంటకు 12 కిలోమీటర్లు. వెనుక ఇంకొకరు కూర్చుంటే అది 8, 9 కిలోమీటర్లకు పడిపోతుంది. వెనుక బస్సు హారను మోగుతుండగా పరుగెత్తే మనిషిని కూడా దాటలేని ఆ స్థితే చాలామందిని మెకానిక్కు దగ్గరికి నడిపిస్తుంది. బ్యాటరీకీ మోటారుకూ మధ్య, విద్యుత్తును కొలిచి వదిలే కంట్రోలరు అనే చిన్న పెట్టె ఉంటుంది. కొన్ని బండ్లలో దాని నుంచి వచ్చే సన్నని తీగల జోడు ఒకటి ప్లాస్టిక్ కనెక్టరుతో కలిపి ఉంటుంది. అదే వేగానికి తాళం. ఆ కనెక్టరును ఊడదీస్తే బండి పరిమితి దాటి పరుగెడుతుంది. వాడుకలో దీనికి ‘స్పీడ్ లాక్ తీయడం’ అని పేరు. పానా కూడా అక్కరలేని ఈ పనికి కొన్ని నిమిషాలు చాలు, బండి రూపురేఖల్లో పిసరంతైనా తేడా కనబడదు.

చట్టం దృష్టిలో మాత్రం అప్పటికి అది వేరే బండి అయిపోయింది. మినహాయింపు పోగానే రిజిస్ట్రేషను లేకుండా నడిపినందుకు 5,000 రూపాయల దాకా, లైసెన్సు లేనందుకు 5,000, బీమా లేనందుకు 2,000 జరిమానాలు కేంద్ర చట్టంలో ఉన్నాయి. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చి అమ్మే డీలరుకు వాహనానికి లక్ష రూపాయల జరిమానా లేదా ఏడాది వరకు జైలు, లేక రెండూ విధించవచ్చునని 2019 సవరణ చెబుతోంది. ఇక లైసెన్సు అక్కరలేదు కదా అని ఇంటర్ చదివే పిల్లలకు ఈ బండి కొనిచ్చే తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవలసింది మరొకటి: మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయని అదే సవరణలో చేరిన 199ఎ సెక్షను శాసిస్తోంది. మినహాయింపు ఉన్నంత కాలం ఆ సెక్షను జోలికి రాదు. తాళం తీసిన రోజున వచ్చే వీలుంది.

తాళం తీయకుండా నిబంధన ప్రకారమే నడిచే బండి విషయంలోనూ చిక్కులు లేకపోలేదు, పైగా అవి నడిపేవారికన్నా ఎదుటివారికే ఎక్కువ. రోడ్డు ప్రమాద బాధితులకు పరిహారం నిర్ణయించే ప్రత్యేక ట్రిబ్యునళ్ల అధికారం మోటారు వాహనాల వల్ల జరిగిన ప్రమాదాలకే పరిమితం. మినహాయింపు బండి గుద్ది ఒక వృద్ధుడి తుంటి ఎముక విరిగిందనుకుంటే, ఆయనకు చెల్లించడానికి బీమా సంస్థ ఉండదు, వెళ్లడానికి ట్రిబ్యునలు ఉండదు, గుర్తు పట్టడానికి నంబరూ ఉండదు. సాధారణ సివిల్ దావాయే దారి. అదే బండి మీద వెళ్లేవారిని కారు గుద్దితే మాత్రం కారు బీమా నుంచి పరిహారం అడగవచ్చు. హెల్మెట్టు నిబంధన ‘మోటారు సైకిలు’ అనే మాటతోనూ, తాగి నడపడానికి శిక్ష వేసే 185వ సెక్షను ‘మోటారు వాహనం’ అనే మాటతోనూ ముడిపడి ఉన్నందున అవి కూడా ఈ బండికి చుట్టుకోవు. అంతమాత్రాన అది ఏ చట్టానికీ అందదని కాదు. ప్రజల దారిలో ఏ వాహనాన్నైనా నిర్లక్ష్యంగా నడపడం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను కింద నేరమే, ఆ మాటకొస్తే ఎడ్లబండికైనా అది వర్తిస్తుంది.

ఇదే రకం తగవు ఈ-రిక్షాల విషయంలో ఇంతకుముందే ఒకసారి తేలింది. అవి కూడా 250 వాట్ల లోపే అని చెప్పుకుంటూ ఢిల్లీ వీధుల్లో పెరిగి, 2014 జూలైలో అక్కడి హైకోర్టు నిషేధానికి గురయ్యాయి. ఆ తరువాత 2015లో చట్టాన్ని సవరించి 4,000 వాట్ల వరకు అనుమతించారు, బదులుగా లైసెన్సునూ రిజిస్ట్రేషనునూ తప్పనిసరి చేశారు. వాటి వేగ పరిమితి కూడా 25 కిలోమీటర్లే. అంటే వేగం ఒకటే అయినా ఒకటి మోటారు వాహనమైంది, మరొకటి కాలేదు. దేనిని కొలవాలన్నది ప్రభుత్వం ఎంచుకున్న విషయమే తప్ప ప్రకృతి ధర్మం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రాజ్యాంగంలో యాంత్రిక వాహనాలు ఉమ్మడి జాబితాలో, వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో ఉండటం వల్ల స్థానికంగా మారేవి ముఖ్యంగా పన్నులూ రాయితీలే. తెలంగాణ ప్రభుత్వం 2020 నాటి విధానంలో మొదటి 2 లక్షల విద్యుత్ ద్విచక్ర వాహనాలకు ఇచ్చిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు మినహాయింపును, 2024 నవంబరులో సంఖ్యా పరిమితి తీసేసి 2026 డిసెంబరు 31 వరకు వర్తించేలా చేసింది. కాబట్టి ఆకుపచ్చ ప్లేటు బండికీ ప్లేటు లేని బండికీ మధ్య ఖర్చు తేడా తెలంగాణలో కొంత తగ్గింది. ఏ దారిలో ఏ మోటారు వాహనం వెళ్లకూడదో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షను రాష్ట్రానికి ఇచ్చింది గాని, మోటారు వాహనమే కానిదాన్ని ఆ సెక్షనుతో ఆపడం కుదరని పని.

నగర యంత్రాంగానికి మిగిలింది నిలిపే చోటు, ఛార్జింగు పెట్టే చోటు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు ఎక్కి 8 మంది చనిపోయారు. అపార్టుమెంటు సెల్లారులో మెట్ల పక్కన, లిఫ్టు ముందు ఎక్స్‌టెన్షను తీగలతో రాత్రంతా ఛార్జింగు పెట్టే బండ్లలో నంబరున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. రిజిస్ట్రేషను మినహాయింపు వాటిలో కొన్నిటిని రవాణా శాఖ లెక్కలోంచి తప్పించింది గనుక, ఏ సెల్లారులో ఎన్ని ఉన్నాయో చెప్పగలిగేది ఆ భవనం వాచ్‌మన్ ఒక్కడే.