‘25 మందికే కనిపిస్తుంది’ అనే కట్టుకథ: ఫేస్‌బుక్ గోడ ఎందుకు బోసిపోతోంది?

ఫేస్‌బుక్ తన అల్గారిథాన్ని, అంటే ఏ పోస్టు ఎవరికి ముందు చూపాలో తేల్చే లెక్కల పద్ధతిని, మార్చేసిందనీ, ఇకపై ఎవరు ఏం రాసినా వారి స్నేహితుల్లో 25 మందికో 26 మందికో మాత్రమే కనిపిస్తుందనీ, ఈ కట్టడి తప్పించుకోవాలంటే ఈ సందేశాన్ని షేర్ చేయకుండా వేలితో నొక్కిపట్టి కాపీ చేసి తమ గోడ మీద పేస్ట్ చేసుకోవాలనీ, చదివినవారు కనీసం ఒక ‘హాయ్’ అయినా పెట్టాలనీ చెప్పే ప్రచారం కొన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది. ఇది అబద్ధమని 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది. అయినా అంకె కాస్త అటూ ఇటూ మారి అదే సందేశం మళ్లీ తలెత్తుతోంది, చదువుకున్నవారు కూడా క్షణం ఆలోచించకుండా దాన్ని తమ గోడకెక్కిస్తున్నారు.

దీన్ని అమాయకత్వం కింద కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే దీని వెనకాలే నష్టం నడిచి వస్తుంది. ‘రీచ్ పడిపోయింది’, అంటే పోస్టు చేరేవారి సంఖ్య తగ్గిపోయింది, అనే బెంగ పట్టుకున్న మనిషి తన పోస్టులను అందరికీ కనిపించేలా తెరిచిపెడతాడు, ముక్కూ మొహం తెలియనివారి ఫ్రెండ్ రిక్వెస్టులను 5,000 మంది అనే గరిష్ఠ పరిమితి వైపు పరుగు తీస్తున్నట్టుగా ఒప్పుకుంటూ పోతాడు, లైకులు అమ్ముతామనేవారికి డబ్బు కూడా కడతాడు. అలా తెరిచిన తలుపులోంచే మోసగాడు లోపలికి వస్తాడు. అతడు పేరునూ ప్రొఫైల్ ఫొటోనూ దించుకుని అచ్చం అలాంటిదే మరో ఖాతా తెరుస్తాడు, బయటికి కనిపిస్తున్న స్నేహితుల జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ రిక్వెస్టు పంపుతాడు, ఆ తరువాత మెసెంజర్‌లో ‘అర్జంటుగా డబ్బు కావాలి, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేస్తాను’ అని అడుగుతాడు. ‘హాయ్’ల వరుస ఇలాంటివాడికి ఎంత ఉపకారం చేస్తుందో కాపీ-పేస్ట్ చేసినవారు గ్రహించరు: అడిగిన వెంటనే పలికేవారెవరో, దగ్గరివారెవరో ఏరి చేతికిచ్చినట్టే అవుతుంది. మోసం బయటపడ్డాక ‘నా అకౌంట్ హ్యాక్ అయింది’ అని మరో పోస్టు వస్తుంది. అది కూడా పొరపాటే. ఖాతాను హ్యాక్ చేయడం అంటే పాస్‌వర్డ్ దొంగిలించి లోపల చేరడం. ఇక్కడ జరిగింది నకలు ఖాతా తెరవడం, కాబట్టి పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ నకలు ఎక్కడికీ పోదు.

ఇక అసలు వాదనను పరిశీలించాలి. స్నేహితులు రాసినవన్నీ ఒకే వరుసలో పోగుచేసి చూపే న్యూస్ ఫీడ్‌ను ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. 2013 నాటికి ఒక మనిషి ఒకసారి ఖాతా తెరిస్తే చూపడానికి సగటున 1,500 విషయాలు సిద్ధంగా ఉంటున్నాయనీ, రోజుకు వాటిలో 300 దాకా ఎంచి ముందుకు తెస్తున్నామనీ సంస్థ తెలిపింది. ఎంపిక తప్పదన్న సంగతి ఈ లెక్కలోనే ఉంది. ఆ ఎంపిక జరిగే తీరు ఇది: అందుబాటులో ఉన్న పోస్టులన్నింటినీ ముందు పోగుచేస్తారు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, చూసే మనిషి గతంలో వారి పోస్టుల దగ్గర ఆగాడా, మాట కలిపాడా అనే గుర్తులను బేరీజు వేస్తారు, ఈ పోస్టుకు అతడు స్పందించే అవకాశం ఎంతో ఊహిస్తారు, ఆ ఊహకు మార్కులిచ్చి ఎక్కువ వచ్చినదాన్ని పైకి తెస్తారు. ఈ లెక్క చూసే ప్రతి మనిషికీ విడిగా, చూసే ప్రతిసారీ కొత్తగా జరుగుతుంది. రాసేవారి వైపు ‘ఇంతమందికే’ అని గీసిన గీత ఇందులో ఎక్కడా లేదు. లేని గీతను కాపీ-పేస్ట్ చెరిపేస్తుందని నమ్మడం ఏ తర్కానికీ నిలవదు.

మరి పాతిక అనే అంకె అంత నమ్మకంగా ఎందుకు తోస్తుంది? దీనికి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో మంచి సమాధానం దొరుకుతుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికీ ఫేస్‌బుక్‌కూ చెందిన పరిశోధకులు రెండు లక్షలకు పైగా ఖాతాలలో ఏ పోస్టును నిజంగా ఎందరు చూశారో లెక్కగట్టి, రాసినవారి అంచనాలతో పోల్చి చూశారు. ఒక్కో పోస్టును మధ్యస్థంగా స్నేహితుల్లో 35 శాతం మంది, నెల మొత్తం మీద కనీసం ఒక పోస్టునైనా 61 శాతం మంది చూస్తున్నారని తేలింది. రాసినవారి అంచనా మాత్రం అసలు సంఖ్యలో 27 శాతం దగ్గరే ఆగిపోయింది. 200 మంది స్నేహితులున్న వ్యక్తికి ఈ లెక్కను వర్తింపజేస్తే, అతడి పోస్టును 70 మంది చూస్తారు, అతడు మాత్రం 19 మందే చూశారనుకుంటాడు. ఆ శాతాలు 2012 నాటి ఫీడువి కాబట్టి ఇప్పటికీ అవే నిలుస్తాయని చెప్పలేం, కానీ అంచనా తప్పడానికి కారణం మాత్రం నేటికీ అలాగే ఉంది: లైకులు కళ్లకు కనిపిస్తాయి, చూపులు కనిపించవు. చూసి, చిన్నగా నవ్వుకుని, ఏ మీటా నొక్కకుండా కిందికి జరిగిపోయినవారంతా లెక్కలోకి రాకుండా పోతారు. పుకారు చెప్పే పాతికమంది మనిషి తన మనసులో ముందే వేసుకున్న తప్పు లెక్కకు దగ్గరగా ఉన్నారు, అందుకే అది చటుక్కున అతుక్కుంటుంది.

‘కాపీ చేశాక నిజంగానే పాత మిత్రులు కనిపించారు కదా’ అనే ఎదురుప్రశ్న తప్పకుండా వస్తుంది. కనిపిస్తారు, అందులో వింత లేదు. ఏళ్ల తరబడి పలకరించనివారు ‘హాయ్ అనండి’ అని బతిమాలితే మనసున్న మనుషులు పలుకుతారు. పలికినవారికీ అడిగినవారికీ మధ్య కొత్త గుర్తు నమోదవుతుంది. దాంతో కొద్దిరోజులు ఒకరి పోస్టులు ఒకరికి ముందుకొస్తాయి. పని చేసింది పలకరింపు, పేరు వచ్చింది పుకారుకు. పైగా లైకులనూ కామెంట్లనూ దేబిరించే పోస్టులను కిందికి నెడతామని సంస్థ 2017 డిసెంబరులోనే ప్రకటించింది కాబట్టి, ఈ చిట్కా రీచ్ పెంచకపోగా తగ్గించే అవకాశమే ఎక్కువ. షేర్ చేయవద్దు, కాపీయే చేయాలి అన్న షరతులోని మతలబును కూడా గమనించాలి. షేర్ చేసిన పోస్టు మూలానికి ముడిపడి ఉంటుంది, మూలాన్ని తీసేస్తే షేర్లలోనూ అది కనిపించకుండా పోతుంది, మొదట రాసిందెవరో ఇట్టే తెలుస్తుంది. కాపీ చేసిన ప్రతిదీ కొత్త పోస్టు. దానికి పుట్టిల్లు తెలియదు, ఒకచోట తీసేసినా మరోచోట బతికే ఉంటుంది.

అయితే ఒక్క విషయంలో, మనస్ఫూర్తిగా కాకపోయినా, పుకారు నమ్మినవారి మాటను కొంత ఒప్పుకోక తప్పదు. స్నేహితుల పోస్టులు తగ్గాయన్న భావన భ్రమ కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన గుత్తాధిపత్యపు కేసు 2025లో విచారణకు వచ్చినప్పుడు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా కోర్టు ముందు పెట్టిన లెక్కల ప్రకారం, ఫేస్‌బుక్‌లో గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూడడానికి పోయే భాగం రెండేళ్లలో 22 శాతం నుంచి 17 శాతానికి, ఇన్‌స్టాగ్రామ్‌లో 11 శాతం నుంచి 7 శాతానికి పడిపోయింది. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం ముక్కూ మొహం తెలియనివారి వీడియోలే తినేస్తున్నాయి. స్నేహితులకూ కుటుంబానికీ పెద్దపీట వేస్తామని 2018 జనవరిలో మాట ఇచ్చిన సంస్థ ఇక్కడికి చేరింది. దీనికి ఆ సంస్థను నిలదీయడం న్యాయమే.

కానీ ఇందులో మరో సగం ఉంది, దాని గురించి మాట్లాడడానికి ఎవరికీ ఇష్టం ఉండదు: స్నేహితులు రాయడమే మానేశారు. సొంత జీవితం గురించి జనం రాసే పోస్టులు 2015 మధ్య నాటికి అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 21 శాతం తగ్గాయని ఫేస్‌బుక్ లోపలి లెక్కలు చెబుతున్నట్టు 2016లో అమెరికన్ పత్రికలు బయటపెట్టాయి. దీనికి పరిశోధకులు చెప్పే ముఖ్య కారణం సందర్భాల కలగలుపు, అంటే వేర్వేరు చోట్ల వేర్వేరుగా మెలిగే మనిషి అందరి ముందూ ఒకేసారి నిలబడవలసి రావడం. 2010లో ఖాతా తెరిచిన వ్యక్తి ఊరి చెరువుగట్టు మీద బనియనుతో దిగిన ఫొటో పెడితే చూసేది నలభై మంది క్లాస్‌మేట్లు. ఇప్పుడు అదే గోడను ఆఫీసులో మేనేజరు చూస్తాడు, వియ్యంకుడు చూస్తాడు, డాలస్‌లో ఉన్న తోడల్లుడు చూస్తాడు, ప్రతి మాటకూ పార్టీ రంగు పులిమే పక్కవీధి పెద్దమనిషీ చూస్తాడు. ఇందరికీ ఒకే ఫొటో, ఒకే మాట నప్పదు. అందుకని ఆ వ్యక్తి ఫొటోను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని, గోడ మీద పండగ శుభాకాంక్షల బొమ్మ ఒకటి తగిలించి ఊరుకుంటాడు. ఆ బొమ్మకు కామెంటు రాకపోవడాన్ని అల్గారిథం మీదకు నెట్టడం అన్యాయం.

సామాజిక మాధ్యమాల ఆకర్షణ తగ్గే తీరు ఇంతకు ముందూ ఇలాగే సాగింది. 2004 జనవరిలో మొదలైన ఆర్కుట్‌కు బ్రెజిల్‌తో పాటు భారతదేశంలోనే అత్యధిక ఆదరణ ఉండేది. స్క్రాప్‌లనే సందేశాలు రాసుకుంటూ, కమ్యూనిటీలలో సినిమా హీరోల కోసం వాదులాడుకుంటూ ఒక తరం తెలుగు కుర్రకారు ఇంటర్నెట్‌కు అలవాటు పడింది అక్కడే. కామ్‌స్కోర్ సంస్థ లెక్కల్లో 2010 జులైలో ఫేస్‌బుక్ భారత్‌లో ఆర్కుట్‌ను దాటింది, 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. అక్కడ ఎవరూ పాతికమంది పరిమితి పెట్టలేదు. ఫ్రెండ్‌స్టర్ అనే మరో పాత వేదిక పతనాన్ని 2013లో జ్యూరిక్ పరిశోధకులు విశ్లేషించినప్పుడు ఈ క్రమం స్పష్టంగా బయటపడింది: వేదికలో ఉండటం వల్ల కలిగే లాభం కన్నా శ్రమ ఎక్కువైనప్పుడు కొద్దిమంది స్నేహితులే ఉన్నవారు ముందుగా వెళ్లిపోతారు, వారు వెళ్లడంతో వారి స్నేహితులకు బంధాలు తగ్గి వారూ వెళ్లిపోతారు, ఒక అల్లికలో పోగు తెగితే పక్క పోగులు వదులైనట్టు అది చివరికి నడిమి దాకా పాకుతుంది. ఒక వేదికను నిలబెట్టేది ఖాతాల సంఖ్య కాదు, ఒక్కొక్కరికీ అక్కడ నిజంగా పలికే స్నేహితులు ఎందరున్నారన్నదే.

‘ఫేస్‌బుక్ పని అయిపోయింది’ అనేవారి మాట కూడా ఇంతే తప్పు. 2017 నాటికి అది 80 శాతం జనాన్ని పోగొట్టుకుంటుందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2014లో జోస్యం చెప్పారు. 2023లో దాన్ని నెలకొకసారైనా తెరిచేవారి సంఖ్య 300 కోట్లు దాటింది. ఖాతా ఉండటం, ఆ ఖాతాలో మనిషి ఉండటం వేర్వేరు సంగతులని ఈ రెండు వాదాలవారూ మరిచిపోతున్నారు.

మిగిలిన నమ్మకాల మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు. ప్రొఫైల్ ఎవరు చూశారో చెప్పే యాప్ ఏదీ లేదు, అలా చెప్పేవి పాస్‌వర్డ్ కాజేయడానికి వచ్చినవే. ‘నా ఫొటోలు వాడుకోవడానికి అనుమతి లేదు’ అని గోడ మీద రాసుకున్న నోటీసు ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులను మార్చదు. కామెంటులో ‘బీఎఫ్ఎఫ్’ అని ఇంగ్లిషులో టైపు చేస్తే ఆకుపచ్చగా మారడం ఒక అలంకారం, భద్రతకు గుర్తు కాదు. వాడకుండా వదిలేసిన ఖాతా తనంతట తానే చెరిగిపోదు.

స్నేహితుల పోస్టులు చూడాలనుకునేవారికి పుకారుతో పనిలేని దారి ఫేస్‌బుక్‌లోనే ఉంది. మెనూలో ఫీడ్స్ అనే విభాగం తెరిచి ఫ్రెండ్స్ ఎంచుకుంటే స్నేహితులు రాసినవి కొత్తవి ముందుగా వరుసగా వస్తాయి. 2022 నుంచి ఉన్న ఈ సదుపాయాన్ని వాడకుండా అల్గారిథాన్ని తిట్టడంలో అర్థం లేదు. స్నేహితుల జాబితా ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్స్‌లో ‘ఓన్లీ మీ’ పెట్టుకోవాలి, తెలియనివారి రిక్వెస్టులను ఒప్పుకోవడం మానాలి, నకలు ఖాతా కనిపిస్తే స్నేహితుల చేత కూడా రిపోర్టు చేయించాలి. ఇక ఈ వేదిక చాలనుకున్నవారు ఖాతాను అలా గాలికి వదిలేయకుండా, ముందు తమ ఫొటోలనూ రాతలనూ డౌన్‌లోడ్ చేసుకుని ఆ తరువాత శాశ్వతంగా తొలగించాలి. మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది.

ఆ సందేశం మళ్లీ ఏ స్నేహితుడి గోడ మీదైనా కనిపిస్తే కింద ‘హాయ్’ పెట్టకండి. అతడికి ఫోన్ చేసి అది అబద్ధమని చెప్పండి, ఎలా ఉన్నాడో కూడా అడగండి. మెసెంజర్‌లో ఎవరైనా డబ్బు అడిగితే, అడిగింది అతడేనా అని అదే ఫోన్‌లో గొంతు విని తేల్చుకున్నాకే పంపండి. ఇప్పటికే పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.