ఆవులింతకు అన్న ఉన్నాడు

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నాన్న రైలు డ్రైవరు. రాత్రి డ్యూటీ పడితే మథురాకాటిలో మా ఇంటి తలుపు కాల్‌బాయ్ తట్టేవాడు. నాన్న పుస్తకంలో సంతకం పెట్టి ఆవులించేవాడు. టీ పెడుతూ అమ్మ ఆవులించేది. దుప్పట్లోంచి నేనూ ఆవులించేవాణ్ణి. “ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడురా” అంటూ అమ్మ చిటికె వేసేది.

అసలెందుకు ఆవులిస్తాం? రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వల్ల అని చిన్నప్పుడు విన్నాం. 1987లో అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ బృందం ఈ మాటను పరీక్షించింది. విద్యార్థులు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న గాలి పీల్చినా ఆవులింతలు పెరగలేదు, తగ్గలేదు.

వేడెక్కిన మెదడును చల్లబరచడానికే ఆవులిస్తామన్నది మరో వాదన. 2007లో ఆండ్రూ గాలప్ చేసిన ప్రయోగంలో నుదుటి మీద చల్లని ప్యాక్ పెట్టుకున్నవాళ్లు, ఎదుటివారి ఆవులింతలు చూసినా చాలా తక్కువగా ఆవులించారు. ఇదింకా అందరూ ఒప్పుకున్న మాట కాదు. అమ్మ సామెత మాత్రం నిజమే: ఆవులింత అంటుకుంటుంది. గర్భంలోని శిశువు కూడా ఆవులిస్తుంది గాని, ఇతరులను చూసి ఆవులించడం సాధారణంగా నాలుగైదేళ్లకు గాని రాదు.

ఆవులింతలు ఎక్కువగా వచ్చేది నిద్రకు ముందు, నిద్ర లేచాక. అంటే అది బద్ధకం కాదు, మెలకువ సడలుతోందన్న కబురు. దారిలో ఆవులింత వస్తే నాన్న లేచి నిలబడి, ముఖం కడుక్కొని, అసిస్టెంటుతో కలిసి సిగ్నళ్లు మరింత గట్టిగా చెప్పేవాడట. నేటి ఇంజన్లలో డ్రైవరు నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ స్పందించకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి.

మన క్యాష్ కౌంటరులో అలాంటి బజర్ లేదు. ఒకసారి కౌంటరులో ఆవులిస్తున్న కుర్రాణ్ణి ఖాతాదారుల ముందే మందలించాను. సాయంత్రం లెక్కలో ఐదువేలు తేడా వచ్చింది. మూడు రాత్రులుగా ఆసుపత్రిలో తల్లి మంచం పక్కనే కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. ఉదయమే అడిగి ఉంటే ఆ రోజు వేరే సీటు ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఎవరైనా వరసగా ఆవులిస్తే, “రాత్రి నిద్రపోయావా బాబూ?” అని అడుగుతాను. చేతిలోని కట్టను మరొకరి చేత లెక్కపెట్టిస్తాను. ఆలోగా నాకూ ఒక ఆవులింత వస్తుంది.