నీలి గోధుమల ఏలుబడి

అంగారక గ్రహవాసులు భూమిపైకి మొదటిసారి దండెత్తి వచ్చినది 1898లో. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ రచించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవల పుస్తకరూపంలో వెలువడిన సంవత్సరమది. మూడు కాళ్ల మహాయంత్రాలు, ఉష్ణకిరణాలు, విషధూమం ఇన్ని ఉండి కూడా వారు చివరకు మన సూక్ష్మజీవుల ధాటికి తాళలేక మరణించారు. ఇంజనీరింగు వృత్తిలో ఉన్న మేము ఆ పరాజయాన్ని ప్రణాళికాలోపంగానే పరిగణిస్తాము. కోట్ల మైళ్లు ప్రయాణించి వచ్చినవారు గమ్యస్థానంలోని గాలిని, నీటిని ముందుగా పరీక్షించుకొనవద్దా?

రెండవ దండయాత్రలో అటువంటి లోపమేదీ లేదు. సోవియట్ రచయితలైన స్త్రుగాత్స్కీ సోదరులు 1967లో ప్రచురించిన లఘునవల పేరే ‘అంగారకుల రెండవ దండయాత్ర’. మిర్ ప్రచురణాలయం వారి ఇరోడోవ్ లెక్కలతో కుస్తీ పట్టి ఇంజనీర్లమైన మా తరానికి రష్యన్ పుస్తకాలు కొత్తవి కావు. అయినను ఈ నవల మా చేతికి ఆలస్యంగానే అందింది. సోదరులలో పెద్దవాడు అర్కాదీ జపాను భాషానువాదకుడు. చిన్నవాడు బోరిస్ ఖగోళశాస్త్రం చదివి, లెనిన్‌గ్రాడ్ సమీపంలోని పుల్కోవో వేధశాలలో పనిచేసినవాడు. కథానాయకుడు విశ్రాంత ఖగోళశాస్త్రోపాధ్యాయుడు కావడం కాకతాళీయం కాదేమో!

ఆ నాయకుని పేరు అపోలో. పాత్రలన్నింటికీ గ్రీకు పురాణాల పేర్లే. బ్రతుకులు మాత్రం చిన్న పట్టణపు బ్రతుకులు. జూన్ 1 తెల్లవారుజామున ఆకాశంలో వింత వెలుగులు కనిపించాయి. పొరుగువాడు సామాను సర్దుకొని పారిపోవడానికి సిద్ధమయ్యాడు. ఊరంతా వదంతులు. మన అపోలోను వేధిస్తున్నది మాత్రం రెండే విషయాలు: తన తపాలాబిళ్లల సేకరణ, తనకు రావలసిన పింఛను. ప్రభుత్వం మారితే పింఛను నిబంధనలు కూడా మారతాయా? తనను ఏ తరగతిలో చేరుస్తారు? లోకం తలక్రిందులవుతున్న ఆ రెండు వారాల దినచర్యలోనూ ఆయన చింత ఇదే.

వచ్చిన అంగారకులు ఎవరినీ ఊచకోత కోయలేదు. పాత కార్యాలయాలు, పాత ఉద్యోగులు అలాగే ఉన్నారు. మాదకద్రవ్యాల వ్యాపారం అణగిపోయింది. రైతులకు ఒక కొత్తరకం గోధుమ లభించింది. శీఘ్రంగా పండే ఆ గోధుమ నీలిరంగుది. దాని రొట్టె నీలం, దాని నుండి కాచిన సారా కూడా నీలమే. వారు ప్రతిఫలంగా కోరినది ఒక్కటే: మనుషుల జఠరరసం. మన గ్రామాలలో ఉదయాన్నే పాలకేంద్రం వద్ద బారులు తీరినట్లు అక్కడి ప్రజలు జఠరరసం ఇవ్వడానికి బారులు తీరతారు. అది దేనికన్న ప్రశ్న కంటె గ్లాసుకెంత అన్న ప్రశ్నే వారికి ముఖ్యం.

వ్యయదృష్టితో చూస్తే ఇంత చవకైన ఆక్రమణ వేరొకటి ఉండదు. వెల్స్ అంగారకులు ప్రతి యంత్రాన్నీ స్వయంగా నడుపుకొన్నారు. వీరికి నిర్వహణ వ్యయమే స్వల్పం; పనిచేసేది మనుషులే.

ఈ ఘట్టాలు చదువుతున్నప్పుడు భారతీయ పాఠకునికి నీలిమందు గుర్తుకు రాక మానదు. రచయితల మనసులో అది ఉండి ఉండదు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టినప్పుడు వారు అడిగినది బట్టలే. 1766 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. బెంగాలులో తెల్లదొరలు రైతులకు బలవంతంగా బయానాలిచ్చి నీలి పంట వేయించగా, 1859లో రైతులు తిరగబడ్డారు. మరుసటి సంవత్సరమే దీనబంధు మిత్రా ‘నీలదర్పణ్’ నాటకం వచ్చింది. నవలలోని అంగారకులు ఈ పాఠం బాగా నేర్చినట్లున్నారు. వారు కొరడా పట్టలేదు, మంచి ధర ఇచ్చారు. అందువలన అక్కడి రైతులు అంగారకులపై కాక, తిరుగుబాటుదారులపైనే తిరగబడి వారిని పట్టి ఇచ్చారు.

పట్టుబడినవారిలో అపోలో అల్లుడు ఖారన్ ఒకడు. పత్రికా సంపాదకుడు. అంగారకులు అతనిని శిక్షించలేదు, ఇంటికి పంపివేశారు. చెరసాల కంటె ఆ విడుదలే అతనికి పెద్ద అవమానం. చివరి పుటలలో మామా అల్లుళ్ల వాదన ఈ నవలకు ప్రాణం. గుప్పెడు డబ్బుకు మానవజాతి తన భవిష్యత్తును అమ్ముకొన్నదని అల్లుని ఆవేదన. ఇల్లు చల్లగా ఉండడమే మామగారికి కావలసినది.

విమర్శకులు కొందరు అపోలోను పిరికివాడని తీసిపారవేస్తారు. మేము అంత తేలికగా తీసివేయలేము. ఏళ్ల తరబడి పిల్లలకు చదువు చెప్పినవాడు, యుద్ధం చూసినవాడు, వృద్ధాప్యంలో నిశ్చింత కోరడం నేరమా? జీతాల సవరణ ఉత్తర్వు నోటీసు బోర్డుపైకి ఎక్కిన రోజున ఆ ప్రక్కనే అంటించిన మరే కాగితాన్నీ మనలో ఎందరు చదువుతారు? సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ సరిచూసుకొనే శ్రద్ధలో పదవ వంతైనా, సంస్థ ఎటు పోతున్నదో తెలుసుకొనడంలో చూపుతున్నామా? ఖారన్ మాటలలో న్యాయముంది. అయితే ‘సరే, మరి నీవేమిస్తావు?’ అని రైతు అడిగితే చెప్పడానికి అతని వద్ద కూడా సమాధానం లేదు. ఇద్దరిలో ఎవరినీ గెలిపించకపోవడం రచయితల నిజాయితీ అని మా అభిప్రాయం.

ఆంగ్లానువాదం ఉన్నది, ఒక సెలవురోజు సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది. కథ చెప్పినప్పుడు మా ఇంట్లో అందరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక వచ్చిన మొదటి ప్రశ్న మాత్రం, ‘ఇంతకూ గ్లాసుకెంత ఇచ్చేవారు?’ అన్నదే.