డార్క్ బీర్‌కు డార్క్ మాల్టే కావాలా..? డబ్బా మీద రంగు చూసి కొంటే అంతే సంగతులు!

స్టౌట్, పోర్టర్ లాంటి నల్లటి బీర్‌ను ఇంట్లో తయారు చేయాలనుకునే కొత్తవాళ్లు ముందుగా కొనేది 'డార్క్' అని రాసి ఉన్న మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బానే. నల్ల బీర్‌కు నల్ల పాకం, లెక్క సరిపోయింది అనుకుంటారు. తీరా నెల రోజులు ఆగి సీసా మూత తీస్తే రంగు ఉంటుంది కానీ ఆ కాఫీ, చాక్లెట్ లాంటి రుచి ఉండదు. పైగా తీపి మిగిలిపోతుంది. ఎందుకిలా?

అసలు మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం. మన రాగి మాల్ట్ సంగతీ ఇదే. బీర్‌కు మాత్రం బార్లీ వాడతారు. ఆ బార్లీని వేడి నీళ్లలో నానబెట్టి, వచ్చిన తియ్యటి రసాన్ని చిక్కబరిస్తే లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్. పూర్తిగా పొడి చేస్తే డ్రై ఎక్స్‌ట్రాక్ట్. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఈ సిరప్ కిరాణా షాపుల్లో దర్జాగా దొరికేది. పేరుకు బ్రెడ్డు, కేకుల కోసం అన్నమాట! ఇంట్లో బీర్ చేసుకోవడానికి అనుమతిస్తూ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టింది 1978 అక్టోబర్‌లో. ఇద్దరు, అంతకంటే ఎక్కువ మంది పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు చేసుకోవచ్చు, అమ్మకూడదు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకూ ఇదే రూల్. ఏపీ, తెలంగాణల్లో మాత్రం లైసెన్స్ లేకుండా బీర్ తయారు చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరమే. అక్కడ నేర్చుకున్న విద్యను సెలవులకొచ్చినప్పుడు ఇక్కడ ప్రయోగిస్తే కుదరదు.

ఇక డార్క్ ఎక్స్‌ట్రాక్ట్ విషయానికొద్దాం. అందులో కంపెనీ ముందే నల్లగా వేయించిన మాల్ట్, క్యారమెల్ మాల్ట్ కలిపేస్తుంది. ఏది ఎంత కలిపారన్నది చాలా డబ్బాల మీద ఉండదు. ఒక కంపెనీ పాకానికీ ఇంకో కంపెనీ పాకానికీ పోలిక ఉండదు. రెడీమేడ్ మసాలా ప్యాకెట్ లాంటిదే ఇది. అందులో కారం ఎక్కువైతే తీసేయడం ఎవరి వల్లా కాదు కదా!

అందుకే అనుభవం ఉన్నవాళ్లు లైట్ ఎక్స్‌ట్రాక్ట్ కొంటారు. రంగు, రుచి కోసం వేయించిన గింజలను విడిగా తెచ్చుకుంటారు. ఐదు గ్యాలన్ల స్టౌట్‌కు, అంటే సుమారు 19 లీటర్లకు, లైట్ డ్రై ఎక్స్‌ట్రాక్ట్ 2.7 కిలోలు పడుతుంది. లిక్విడ్ అయితే 3.3 కిలోలు కావాలి, ఎందుకంటే అందులో దాదాపు ఐదో వంతు నీళ్లే. దీనికి పావు కిలో నుంచి అర కిలో లోపు రోస్టెడ్ బార్లీ చాలు. గిన్నిస్ స్టౌట్‌కు ఆ నలుపు, ఆ చేదు వచ్చేది దీంతోనే. పోర్టర్‌కైతే చాక్లెట్ మాల్ట్ బాగుంటుంది. పేరు చూసి మోసపోవద్దు, ఇందులో చాక్లెట్ ఉండదు, రంగును బట్టి వచ్చిన పేరది.

గింజలను బరకగా పట్టించి, పల్చటి గుడ్డ సంచిలో కట్టి, 65 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచితే సరిపోతుంది. టీ పెట్టినట్టే. సంచితో పాటు మరిగించారో, పొట్టులోని వగరు మొత్తం బీర్‌లోకి దిగుతుంది.

రంగు కంటే ముందు చూడాల్సింది తేదీ. లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్ నిల్వ ఉన్న కొద్దీ నల్లబడుతుంది, పాత బెల్లం పాకం లాంటి వాసన పడుతుంది. నల్ల బీరే కదా, పాతదైనా తెలియదులే అనుకోవడం పొరపాటు. రంగు కలిసిపోతుంది కానీ ఆ రుచి దాగదు. ఎక్కువ అమ్ముడుపోయే షాపులో తాజా సరుకు దొరికితే లిక్విడ్ మంచిదే. లేదంటే డ్రై కొనడమే మేలు, కాకపోతే తేమ తగిలితే రాయిలా గడ్డకడుతుంది.

లేబుల్ మీద 'హాప్డ్' అని ఉందేమో కూడా చూడాలి. అలా ఉంటే చేదునిచ్చే హాప్స్ అందులో ముందే కలిపారని అర్థం. మళ్లీ వేస్తే నోట్లో పెట్టుకోలేరు.

ఎక్స్‌ట్రాక్ట్ పోసే ముందు స్టవ్ ఆపేయాలి. మంట మీదే పోస్తే చిక్కటి పాకం నేరుగా కిందికి చేరి అడుగంటుతుంది. గరిటెతో పూర్తిగా కరిగే వరకు కలిపాకే మళ్లీ వెలిగించాలి.